కొయ్యపని యంత్రములు ఇంటికి వచ్చిన కథ

కొయ్యను కోయుట, చదును చేయుట, తొలుచుట, గుండ్రముగా చెక్కుట - వడ్రంగములో ముఖ్యమైన పనులు ఈ నాలుగే. రంపము, చిత్రిక, బరమా, తరిమెన వీటికి పనిముట్లు. హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి రద్దీ పేటలలో సైతము నేడు ఇంటి వసారాలో చిన్న మోటారు అమర్చుకొని ఈ నాలుగు పనులను చేసికొనవచ్చును. రెండు వందల సంవత్సరముల క్రిందట ఇట్టి యంత్రములకు పెద్ద కార్ఖానా, ఆవిరియంత్రము కావలసి ఉండెను. ఈ మార్పు ఎట్లు వచ్చినది?

ముందుగా చేతి యంత్రమును చూడుడు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామమున అంకుడు కొయ్యతో లక్క బొమ్మలు చేయుదురు. చేతి తరిమెనలో త్రాడును ముందువెనుకలకు లాగుదురు. కొయ్య ఒకమారు ఇటు, ఒకమారు అటు తిరుగును. ఒక దిక్కున తిరుగునపుడే ఉలికి కొయ్య తెగును. రెండవ దిక్కున తిరుగునంతసేపు ఉలికి పని లేదు. మోటారు తగిలించిన తరిమెనలో కొయ్య ఎడతెగక ఒకే దిక్కున తిరుగును. దానికి లక్కను ఒత్తినచో రాపిడి వేడికి మెత్తబడి పూతగా అంటుకొనును. త్రాడు లాగు మనిషి శ్రమ తప్పినది; బొమ్మ రూపము మాత్రము నేటికిని పనివాని చేతిలోనిదే. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

పెద్ద ఎత్తున కొయ్యపని యంత్రములను నెలకొల్పినది ఇంగ్లాండులోని పోర్ట్స్‌మత్ ఓడరేవున. తెరచాప ఓడలకు కొయ్య కప్పీలు వేలకొలది కావలసి వచ్చెను. మార్క్ బ్రూనెల్ రూపొందించిన 45 యంత్రములను హెన్రీ మాడ్‌స్లే 1802-1808 మధ్య నిర్మించెను. 110 మంది చేయు పనిని 10 మంది చేయగలిగిరి. ఆ కాలపు కార్ఖానాలలో ఒక్క ఆవిరియంత్రము పొడవైన ఇరుసును త్రిప్పగా, పట్టాల ద్వారా యంత్రములన్నియు నడిచెడివి. ఒక్క రంపము కావలసినను ఇరుసంతయు తిరుగవలసినదే. అందుచేత ఆ యంత్రములు ఇంటికి రాలేదు.

యంత్రములో ఒక భాగము వెనుకబడినచో తక్కినదంతయు ఆగిపోవును. పట్టీరంపమునకు విలియం న్యూబెరీ లండనులో 1808లోనే పేటెంటు పొందెను. కాని ఉక్కుపట్టీ అతుకు వద్ద తెగిపోవుచుండెను. 1846లో ఫ్రాన్సులో క్రెపిన్ అను మహిళ మంచి అతుకు పద్ధతిని కనిపెట్టిన తరువాతనే అది వాడుకలోనికి వచ్చినది.

ఇరుసు బెడదను తొలగించినది విద్యుత్ మోటారు. నికొలా టెస్లా 1888లో ప్రేరణ మోటారుకు పేటెంటు పొందెను. ఇక ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క మోటారు! హైదరాబాదులో 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడచు విద్యుత్ కేంద్రము వెలసెను. అది నేడు లేదు. 1943లో అశోక్‌నగర్‌కు సమీపముననే, కవాడిగూడలో, యంత్రములను చేయు యంత్రములకై ప్రాగా టూల్స్ సంస్థ ఏర్పడెను. అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1946లో ఇంటివాడుకకు విద్యుత్ బరమాలను విడుదల చేసెను.

ఒక అశ్వశక్తి అనగా 746 వాట్లు. ఇంచుమించు ఇస్త్రీపెట్టె వాడునంత. అయితే మోటారు కదలనారంభించునపుడు అనేక రెట్లు విద్యుత్తును లాగును. కనుక తీగ, స్విచ్చి దానికి తగినవై ఉండవలెను.

ఇపుడొక లెక్క. 25 సెంటీమీటర్ల వ్యాసము గల చక్రరంపము నిమిషమునకు 2,880 మార్లు, అనగా సెకనుకు 48 మార్లు, తిరుగుచున్నదనుకొనుడు. దాని చుట్టుకొలత 78.5 సెంటీమీటర్లు. పంటి వేగము సెకనుకు 37.7 మీటర్లు, గంటకు సుమారు 136 కిలోమీటర్లు! పని త్వరగా కావలెనని మోటారు కప్పీ వ్యాసమును రెట్టింపు చేసినచో ఈ వేగము రెట్టింపగును. రంపమును చీల్చునట్లు లాగు బలము నాలుగు రెట్లగును. రంపముపై ముద్రించిన వేగమును మించినచో అది పగిలిపోవచ్చును. మోటారును మార్చునపుడు కప్పీ, రంపము, కాపుకవచము అన్నిటిని కలిపి యోచించవలెను.

చేతిరంపము జారినచో గాయమగును; చక్రరంపము వ్రేలినే తీసివేయును. 1999లో అమెరికాలో స్టీఫెన్ గాస్ దీనికొక ఉపాయము కనుగొనెను. చర్మము తగులగానే విద్యుత్ సంకేతము మారును. రంపము సెకనులో రెండు వందవ వంతులోపల ఆగును. ఇది ఖరీదైనది. కాని రంపముపై కవచము, కొయ్యను నెట్టుటకు ఒక కర్ర అందరికిని అందుబాటులోనివే. కొయ్యపొడి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. ఇంటిలోని పిల్లలును ఆ గాలినే పీల్తురు. కావున కొత్త యంత్రమునకు సొమ్ము కూడబెట్టువారు పొడిని లాగు అమరికకును, ముక్కుకు కట్టు ముసుగుకును అందులో కొంత కేటాయించవలెను.