చెరువు నిండా చేపలే, తూకానికి ఒక్కటీ రాదు

ఇంకా వెలుగు రాలేదు. భీమేశ్వరుడి గుడి వైపు నుంచి మైకు వినిపించే వేళకే మేష్టారు చెరువు గట్టు మీద ఉన్నారు. నీళ్ల మీద ఎక్కడ చూసినా నోళ్లే. చేపలన్నీ పైకి తేలి గాలి కోసం గుటకలు వేస్తున్నాయి.

"తవుడు చాలడం లేదేమోనయ్యా. ఇంకో రెండు బస్తాలు తెప్పిస్తాను" అన్నారు.

వల భుజానేసుకొచ్చిన పెద్దాయన నీళ్లకేసి కాసేపు చూశాడు. "మేత మాట తర్వాతండి. ముందు ఓసారి లాగనివ్వండి."

(ద్రాక్షారామం చుట్టుపక్కల చిన్న చెరువుల్లో ఏటా జరిగేదాన్ని ఒకే గట్టు మీదికి తెచ్చి చెబుతున్న కథ ఇది. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు.)

వల ఒడ్డుకు చేరేసరికి లాగేవాళ్ల చేతులు పట్టు తప్పాయి. అంత బరువు. విప్పి చూస్తే అరచేయంత తిలాపియాలు, వేలంత తిలాపియాలు, గోరంత తిలాపియాలు. వాటి నడుమ నాలుగైదు బొచ్చెలు, శీలావతులు. తలకాయలు పెద్దవి, ఒళ్లు మాత్రం ఎండిపోయి ఉన్నాయి.

"తిలాపియా నేను వెయ్యనేలేదే!"

"మీరెందుకేత్తారండి? కాలవ నీళ్లతో అదే వచ్చుద్ది."

పెద్దాయన మాటలో అబద్ధం లేదు. బొచ్చె, శీలావతి, మోసు కదలని చెరువు నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి పారుదల కావాలి. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించేదాకా పిల్ల కోసం ఎక్కువగా నదుల మీదే ఆధారపడేవాళ్లం. కాబట్టి ఈ మూడు రకాలూ మనం వేసిన లెక్క దాటి పెరగవు. తిలాపియాకు ఆ పట్టింపేమీ లేదు. రెండు మూడు నెలలకే ఈడుకొస్తుంది, ఏడాదిలో ఎన్నోసార్లు ఈనుతుంది, గుడ్లనూ పిల్లలనూ తల్లి నోట్లోనే దాచి కాపాడుతుంది. 1952లో శ్రీలంక నుంచి తమిళనాడులోని మండపానికి తెచ్చిన చేప ఇది. 1959లో ఆంక్షలు పెట్టారు. అప్పటికే ఊళ్లు పట్టింది.

అమెరికాలో అలబామా రైతుల చెరువుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన హోమర్ స్వింగిల్ 1950లో అచ్చువేసిన బులెటిన్ సారం కూడా ఇదే: తినే చేపకూ, తినబడే చేపకూ పొంతన తప్పితే చెరువంతా ఎదగని చేపలే. అంత దూరం పోనక్కర్లేదు, మన పిల్ల వ్యాపారులకు ఈ కిటుకు బాగా తెలుసు. బొచ్చె, శీలావతి పిల్లల్ని కావాలనే ఇరుకులో ఉంచి, ఏడాదిపాటు ఎదగనివ్వకుండా ఆపుతారు. పెద్ద చెరువులో వదిలాక అవి గబగబా బరువెక్కుతాయి. అక్కడ లాభమిచ్చే ఇరుకే మేష్టారి చెరువులో నష్టం తెచ్చింది.

"ఉన్నవన్నీ తీసేస్తే ఇంకేం మిగులుతుందయ్యా?"

"చోటు మిగులుద్దండి."

మేష్టారికి మనసొప్పలేదు. రోజూ కూరకు నాలుగు చేపలు దొరుకుతున్నాయి కదా! ఈ నాలుగు చేపల ఆశే చాలా చెరువులను పాడుచేస్తుందని నా అభిప్రాయం. చివరికి ఒప్పుకున్నది ఎండలు ముదిరి కాలువలు కట్టేశాకే.

మొదట బొచ్చెల్ని, శీలావతుల్ని ఏరి పక్క గుంటలో వేశారు. తర్వాత ఇంజను పెట్టి నీళ్లు తోడారు. అడుగున మిగిలిన మడుగుల్లోని చేపలు చావడానికి ఇప్పపిండి చల్లారు. నిండు చెరువుకైతే, మీటరు లోతున్న ఎకరానికి దాదాపు టన్ను పడుతుంది, అందుకే ముందు తోడాలి. రెండు మూడు వారాల్లో దాని విషం పోయి ఎరువవుతుంది. నేల నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, కాలువ నీళ్లు వచ్చే తూముకు సన్న వల బిగించారు.

అయినా తిలాపియా పిల్ల ఏదో ఒకటి దూరుతుంది. దానికి పండుగప్ప ఉంది. పుట్టేది సముద్రపు నీటిలో, కానీ అలవాటు చేస్తే మంచినీళ్లలోనూ పెరుగుతుంది, చిన్న చేపల్ని మింగేస్తుంది. మంచినీటి చెరువులో గుడ్లు పెట్టదు గనుక అదే మళ్లీ గుంపై కూర్చోదు. కొరమేనూ చిన్న చేపల్ని తినేదే, కానీ దానికి ఆ హామీ లేదు. ఒకటే జాగ్రత్త: బొచ్చెలు పండుగప్ప నోటికి పట్టనంత ఎదిగాకే దాని పిల్లను వదలాలి.

మీ చెరువులోనూ తలలు పెద్దవై ఒళ్లు చిక్కిన చేపలు కనిపిస్తుంటే మేత బస్తా కొనే ముందు వల వేయించి చూడండి. కాలువలు కట్టేసే రోజులు రాకముందే వలవాళ్లకు, ఇంజనుకు చెప్పి ఉంచుకోండి. ఆ అదను దాటితే మళ్లీ వచ్చే వేసవే.