పాలరాతి మేడలు - అయిదు శాతం కమీషను

ప్రజావినోద రూపాలను గురించి రాసేటప్పుడు మనం ఇతివృత్తాన్ని చర్చిస్తాం, హాస్యం స్థాయిని తూకం వేస్తాం. ఆ ప్రదర్శన మీద వచ్చిన డబ్బు ఎవరికి చేరిందని మాత్రం అడగం. ఆ ప్రశ్న వేయనిదే అమెరికా 'వాడ్విల్' చరిత్ర అర్థం కాదని నేననుకుంటాను.

పాట, నాట్యం, గారడీ, హాస్యం - ఒకే టిక్కెట్టు మీద ఇన్నీ చూపే ఈ ప్రదర్శనల కోసం కీత్, ఆల్బీ వంటి యజమానులు రాజప్రాసాదాల్లాంటి నాటకశాలలు నడిపారు. 1900లో వారంతా కూటమి కట్టి బుకింగులను ఒకే చోటికి చేర్చారు. కళాకారుడి జీతంలో 5 శాతం కమీషను కోశారు. తమ శాలలో తామే పని ఇచ్చి, ఇచ్చినందుకు తామే రుసుము తీసుకోవడమన్నమాట!

అదే ఏడు జార్జి ఫుల్లర్ గోల్డెన్ నాయకత్వాన 'వైట్ ర్యాట్స్' సంఘం పుట్టింది. 1901లో సమ్మె చేసింది. యజమానులు వాగ్దానాలు చేసి, పని గడిచాక మరిచారు. 1916లో ఆల్బీ తన కనుసన్నల్లో మెలిగే పోటీ సంఘాన్ని పెట్టించాడు. 1917 నాటికి వైట్ ర్యాట్స్ రెండో సమ్మె కూడా అణగిపోయింది. సమ్మెదారుల పేర్లు నల్లజాబితా కెక్కాయి.

ఓటమికి యజమాని బలమొక్కటే కారణమా? కాదు. ఆ సంఘం తెల్ల మగవారి సంఘంగా పుట్టింది. నల్లజాతి కళాకారులకు, స్త్రీలకు తలుపు మూసింది. బెర్ట్ విలియమ్స్ అంతటి నటుడు ముఖానికి మసి పూసుకొని నవ్వించవలసి వచ్చిన రంగస్థలమది. తోటి శ్రామికుణ్ణి బయట నిలబెట్టిన ఐక్యత సగం ఐక్యతే.

1913లో న్యూయార్కులో వెలసిన పాలెస్ థియేటర్ 1932లో సినిమాహాలైంది. వాడ్విల్‌ను సినిమా చంపిందంటారు. కళాకారుల సంఘశక్తి మాత్రం అంతకు పదిహేనేళ్ల ముందే చచ్చింది.