మట్టికీ తోడు వేయవచ్చు

గిన్నెడు పాలు తోడుకోవాలంటే చెంచాడు మజ్జిగ చాలు. పొలంలో మట్టికి కూడా అలా తోడు వేయవచ్చునంటే నవ్వుతారేమో! కాని ఇది నిజంగా జరిగిన సంగతే.

ఆస్ట్రేలియాలో 1850ల నాటికే గోధుమకు ఒక పాడు తెగులు ఉండేది. నేలలోని శిలీంధ్రం, అంటే బూజు జాతిది, వేళ్ళకు పట్టి నల్లగా కుళ్ళబెడుతుంది. వెన్నులు తెల్లగా పాలిపోతాయి. నలిపి చూస్తే గింజ ఉండదు. రైతులు దానికి 'టేక్ ఆల్' అని పేరు పెట్టారు. ఉన్నదంతా ఊడ్చుకుపోయేదని అర్థం.

పంట మార్చమని పెద్దలు చెబుతారు. మరోటి గిట్టుబాటు కాని రైతు ఏం చేస్తాడు? మళ్ళీ గోధుమే చల్లుతాడు. అలా చల్లినచోట ఒక వింత కనబడింది. మొదటి కొన్నేళ్ళు తెగులు పెచ్చరిల్లి, ఆ తరువాత దానంతటదే తగ్గిపోయింది! ఈలోగా ఎన్ని ఇళ్ళలో గాదెలు ఖాళీ అయ్యాయో ఎవరు లెక్కపెట్టారు?

అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ కుక్, ఆస్ట్రేలియాకు చెందిన ఆల్బర్ట్ రోవిరా దీని గుట్టు గురించి 1976లో ప్రకటించారు. బాగుపడిన నేలలోని మట్టి కాస్త తెచ్చి మరో మట్టిలో కలిపితే, తెగులును అణచే గుణం దానికీ వచ్చింది. అదే మట్టిని 60 డిగ్రీల వేడిలో అరగంట ఉంచితే ఆ గుణం పోయింది. మరిగే పాలలో తోడు వేస్తే పెరుగవుతుందా చెప్పండి? అంటే మట్టిలో పనిచేసేది ప్రాణమున్నదే. వేళ్ళను అంటిపెట్టుకుని బతికే సూడోమోనాస్ అనే బాక్టీరియా మీదికి వారి దృష్టి పోయింది.

1983లో డేవిడ్ వెల్లర్, కుక్ ఆ బాక్టీరియాను విత్తనాలకే పట్టించి విత్తి, తెగులు తగ్గుతుందని చూపారు. రైతు ఇక ఏళ్ళ తరబడి కాచుకోనక్కరలేదన్న ఆశ కలిగింది. 1988లో లిండా తొమషో అనే శాస్త్రవేత్త, వెల్లర్‌తో కలిసి మరో మెట్టు ఎక్కారు. ఈ బాక్టీరియా శిలీంధ్రాన్ని అణచే మందును తానే తయారుచేసుకుంటుంది. ఆ శక్తి పోగొడితే వేళ్ళకు రక్షణ తగ్గింది. తిరిగి ఇస్తే రక్షణా తిరిగి వచ్చింది.

అయితే ప్రాణమున్న మందు గనుక అన్ని నేలల్లో, అన్ని కాలాల్లో ఒకేలా పనిచేయదు. ఇప్పుడు మన తెలుగునాట కూడా సూడోమోనాస్ పొడి దొరుకుతోంది. వరిలో అగ్గితెగులు రాకుండా కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తారు. మీ పెరట్లో వంగ, టమాటా నారుకు వాడదలిస్తే పొట్లం మీద తేదీ చూసి కొనండి. ఎండ తగలనివ్వకండి, బూజు మందులతో కలపకండి. తోడు మజ్జిగను ఎంత పదిలంగా ఉంచుతామో దీన్నీ అలాగే ఉంచాలి మరి!