పన్నెండు అంచుల ఆకుపచ్చ కిరీటం

పన్ను ఊడినట్టు కలొస్తే ఇంట్లో ఎవరో ఒకరు పోతారని మా నాయనమ్మ నమ్మేది. అలాంటి కల వచ్చిన రోజు పొద్దున్నే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా బావి దగ్గరికి నడిచేది. "నీళ్లకు జెప్తె కల కొట్టుకపోతది బిడ్డా" అనేది. మా తాత పోయిన ఏడాది ఆ కల వచ్చిందని చాలాసార్లు చెప్పింది. ఎవరూ పోని ఏళ్లలో వచ్చిన పన్ను కలల్ని మాత్రం ఎన్నడూ లెక్క చెప్పలేదు.

మాది జహీరాబాద్. బీదరు మాకు గంట ప్రయాణం. ఆ ఊరి చరిత్రలోనూ ఒక కల ఉంది.

1422లో గుల్బర్గా గద్దె మీద ఫిరోజ్ షా బహమనీ ఉన్నాడు. పానగల్లు దగ్గర విజయనగరం చేతిలో ఓడి, జబ్బుపడి, కొడుకు హసన్ ఖాన్‌కు రాజ్యం ఇవ్వాలనుకున్నాడు. తమ్ముడు అహ్మద్ ప్రాణభయంతో పారిపోయాడు. ఆ పోరు రోజుల్లోనే అహ్మద్‌కు కల వచ్చిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. దర్వేషు ఒకాయన పన్నెండు అంచుల ఆకుపచ్చ కిరీటం తెచ్చి అతనికి ఇచ్చాడట. అహ్మద్ గెలిచి సుల్తానయ్యాడు, రాజధానిని బీదరుకు మార్చాడు. తరవాత ఇరాన్‌లోని కిర్మాన్ నుంచి సూఫీ గురువు షా నియమతుల్లా వలీ తన శిష్యుడు ముల్లా కుత్బుద్దీన్‌తో ఒక పెట్టె పంపాడు. అందులో పన్నెండు అంచుల ఆకుపచ్చ టోపీ ఉంది. నా కలలోకి వచ్చిన మనిషి ఈయనే, కిరీటం ఇదే అన్నాడట సుల్తాను.

వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఫెరిష్తా ఇది రాసింది 180 ఏళ్ల తరవాత, బిజాపూరులో కూర్చుని. పన్నెండు అంచులు షియాల పన్నెండుమంది ఇమాముల గుర్తు. గెలుపు ఎలా వచ్చిందో కూడా ఆయనే చెప్పాడు. ఖలఫ్ హసన్ అనే అరబ్బు వర్తకుడు బంజారాల ఎద్దులు కొని, వాటి మీద మనుషుల్ని ఎక్కించి, జెండాలిచ్చి నిలబెట్టాడు. దూరం నుంచి చూసిన శత్రువులకు అది గుర్రపు దళంలా కనిపించింది. అహ్మద్‌ను గద్దె ఎక్కించింది ఆ ఎద్దులేనని నా నమ్మకం. కిరీటం చేతికి అందాకే కలకు ఆ రూపం వచ్చి ఉంటుంది. అన్నను దించి రాజైనవాడికి, దేవుడే తనను ఎంచుకున్నాడని చెప్పే సాక్షి కావాలి కదా. అతనికి రాజ్యం వస్తుందని ముందే చెప్పిన గుల్బర్గా సూఫీ గేసూదరాజ్ కూడా ఆ 1422లోనే కన్నుమూశాడు.

జరగబోయేది ఆ కల చెప్పిందని నేననుకోను. అయితే సుల్తాను దాన్ని నమ్మినందువల్ల జరిగినవి మాత్రం చాలా ఉన్నాయి. గురువు మనవడు నూరుల్లా దక్కనుకు వచ్చాడు, సుల్తాను అతనికి కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. తరవాత గురువు కొడుకు ఖలీలుల్లా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అతని సమాధి చౌఖండీ బీదరు దగ్గరి అష్టూరు దారిలో ఇవాళ్టికీ ఉంది.

ఆ దారి చివర అహ్మద్ షా సమాధి. లోపల చీకటి. నేను వెళ్లినప్పుడు కాపలాదారు అద్దంతో ఎండను లోపలికి తిప్పితే, ఎర్ర రంగు మీద బంగారు అక్షరాలు వెలిగాయి. నియమతుల్లా గురుపరంపర అక్కడ రాసి ఉంది. ఉర్సుకు లింగాయత జంగమయ్య వచ్చి శంఖం ఊది కొబ్బరికాయ కొడతాడు. ఆ లింగాయత భక్తులకు ఈ సుల్తాను తమ గురువు అల్లమప్రభువే. ఇక కిర్మాన్ దగ్గర మాహాన్‌లో నియమతుల్లా సమాధిని కట్టించింది బీదరు సుల్తానే. అది 1436లో పూర్తయింది. అహ్మద్ షా కన్నుమూసిందీ ఆ ఏడాదే.