సూదికి డబ్బులా, బాగైనందుకు డబ్బులా? అమెరికా ఓట్లు, అలాస్కా ఆదివాసీల ఆసుపత్రి



మన ఊళ్ళలో జ్వరం వచ్చి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే సూది వేస్తాడు, సెలైన్ ఎక్కిస్తాడు, దానికి ఇంత అని తీసుకుంటాడు. నీళ్ళు కాచి తాగండి, దోమతెర కట్టుకోండి అని చెప్పినందుకు మాత్రం ఆయనకి ఎవరూ పది రూపాయలు ఇవ్వరు. ఆయన చెడ్డోడని మేము అనడం లేదు. డబ్బు సూదికి వస్తుంది, అందుకే సూది పడుతుంది. అంతే.

ప్రపంచంలో వైద్యానికి అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే అమెరికా కూడా ఇదే చిక్కులో అరవై ఏళ్ళుగా కొట్టుకుంటోంది. చేసిన పనికి లెక్కగట్టి కాకుండా, రోగి బాగుపడినదాన్ని బట్టి డాక్టర్లకి డబ్బివ్వాలన్న ఆలోచనని అక్కడ వాల్యూ బేస్డ్ పేమెంట్ అంటారు. మనం ఫలితాన్ని బట్టి చెల్లింపు అనుకుందాం. ఇదేదో అకౌంటెంట్ల గొడవ అనుకుని మేము కూడా మొదట పట్టించుకోలేదు. చదివేకొద్దీ ఇందులో సగం కథ ఎన్నికలదే అని తెలిసింది. ఇంకో సంగతేంటంటే, ఆ కథలో అక్కడి ఆదివాసులు కూడా ఉన్నారు.

మొదలు 1964 నవంబరు ఎన్నిక. లిండన్ జాన్సన్ భారీ మెజారిటీతో గెలిచాడు, పార్లమెంటు రెండు సభల్లోనూ ఆయన డెమోక్రాట్లే నిండిపోయారు. ఆ బలంతోనే 1965 జులై 30న మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. మెడికేర్ 65 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళకి, మెడికెయిడ్ పేదలకి. డాక్టర్ల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని ఏళ్ళ తరబడి వ్యతిరేకించింది. వాళ్ళని శాంతింపజేయడానికి ప్రభుత్వం ఒక రాజీ చేసుకుంది. డాక్టరు మామూలుగా ఎంత తీసుకుంటాడో దాదాపు అంతే ఇస్తాం, వైద్యం ఎలా చేయాలో మేం చెప్పం అని. ఈ రెండో మాటని చట్టం మొదట్లోనే రాసుకున్నారు. పెద్దవాళ్ళకి వైద్యం అందింది, అది చిన్న విషయం కాదు. కానీ ఎన్ని పరీక్షలు చేస్తే అంత డబ్బు అన్న దారి కూడా ఆ రోజే పడిపోయింది.

ఖర్చు తట్టుకోలేక 1983లో రీగన్ ప్రభుత్వం ఆసుపత్రులకి జబ్బుని బట్టి ఒకే మొత్తం ఇవ్వడం మొదలుపెట్టింది. మన ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు పెట్టిన ప్యాకేజీ రేట్లు కూడా ఇలాంటి ఆలోచనే. అయితే అది ఆసుపత్రుల వరకే. డాక్టర్ల సంగతికొస్తే 1997లో ఒక సూత్రం పెట్టారు. మొత్తం ఖర్చు గీత దాటితే అందరి రేట్లూ కోసేయాలి. 2002లో ఒక్కసారి నిజంగానే కోశారు. డాక్టర్లు గోల పెట్టారు. ఇక 2003 నుంచి 2014 దాకా ప్రతిసారీ కోత వాయిదానే, మొత్తం 17 సార్లు. అక్కడ అందరికంటే తప్పకుండా ఓటేసేది పెద్దవాళ్ళే మరి. వాళ్ళ డాక్టరు మెడికేర్ రోగుల్ని చూడను పొమ్మంటే ఏ సభ్యుడు తట్టుకుంటాడు?

ఈ మధ్యలోనే ఒక చిన్న ప్రయోగం జరిగింది. బుష్ కాలంలో, 2005 ఏప్రిల్‌లో, పది పెద్ద వైద్య బృందాలతో మొదలుపెట్టారు. వైద్య బృందం అంటే పదులు, వందల మంది డాక్టర్లు ఒకే సంస్థగా కలిసి పనిచేయడం. మీ రోగుల ఖర్చు తగ్గించండి, నాణ్యత తగ్గకూడదు, మిగిలినదాంట్లో మీకూ వాటా అన్నారు. మొదటి ఏడాది వాటా దక్కింది పదిలో రెండింటికే. మిగతావాళ్ళు పని చేయలేదని కాదు. షుగర్ ఉన్న ముసలాయనకి నర్సు ఫోన్ చేసి మందు వేసుకున్నావా అని అడగాలంటే ముందు నర్సుని పెట్టుకోవాలి, కంప్యూటర్ కొనాలి. ఖర్చు ఈ రోజు, లాభం ఎప్పుడో.

ఎన్నికలు దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే. ఒబామా 2010 మార్చి 23న సంతకం పెట్టిన ఆరోగ్య చట్టం ఈ వాటా పద్ధతిని దేశమంతా తెరిచింది. కొత్త చెల్లింపు పద్ధతుల్ని పరీక్షించడానికి ఒక కేంద్రం పెట్టి పదేళ్ళకి వెయ్యి కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ చట్టానికి రిపబ్లికన్ ఓటు ఒక్కటీ పడలేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే మధ్యంతర ఎన్నికల్లో దిగువ సభ రిపబ్లికన్ల చేతికి పోయింది. చట్టాన్నే రద్దు చేస్తామన్నారు. రేపు ఉంటుందో ఊడుతుందో తెలియని పథకం కోసం ఈ రోజు నర్సుల్ని పెట్టుకునేది ఎవరు? 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి, నవంబరులో ఒబామా మళ్ళీ గెలిచాకే కాస్త ధైర్యం వచ్చింది.

2015 ఏప్రిల్‌లో మాత్రం ఒక వింత జరిగింది. వాయిదాల సూత్రాన్ని పాతిపెట్టి, ఫలితాన్ని బట్టి చెల్లించే కొత్త చట్టాన్ని రెండు పార్టీలూ కలిసి పాస్ చేశాయి. దిగువ సభలో 392కి 37, సెనేట్‌లో 92కి 8. కారణం సింపుల్, పాత గొడవతో అందరూ విసిగిపోయారు. తర్వాత ట్రంప్ వచ్చాక ఆరోగ్య మంత్రి అయిన టామ్ ప్రైస్ స్వయంగా ఎముకల సర్జన్. ఆయన హయాంలో వచ్చిన ప్రతిపాదన ప్రకారం గుండె జబ్బులకి తప్పనిసరి ప్యాకేజీ ఆపేశారు, మోకాలి, తుంటి ఆపరేషన్ల తప్పనిసరి ప్యాకేజీని 67 ప్రాంతాల నుంచి 34కి కుదించారు. తర్వాత వచ్చిన మంత్రి అదే ప్రభుత్వంలో ఉండి, నష్టంలో కూడా వాటా తీసుకోండి అని 2018 చివర్లో వైద్య బృందాల్ని ఇంకా గట్టిగా తోశాడు. మాకర్థమైందేంటంటే, దిశని ఏ పార్టీ వెనక్కి తిప్పలేదు. ఎవరిని బలవంతపెట్టాలి, ఎంత వేగంగా పోవాలి అన్నది మాత్రం ప్రతి ఎన్నికతో మారింది.

ఈ పద్ధతి బంగారం అని మేము చెప్పడం లేదు. ఆ పరీక్షా కేంద్రం మొదటి పదేళ్ళలో డబ్బు ఆదా చేయకపోగా 540 కోట్ల డాలర్ల అదనపు ఖర్చు తెచ్చిందని అక్కడి పార్లమెంటు బడ్జెట్ కార్యాలయమే 2023లో తేల్చింది. ఇంతకంటే మనకి ముఖ్యమైనది ఇంకోటి ఉంది. డిశ్చార్జి అయిన రోగి నెలలోపు తిరిగొస్తే ఆసుపత్రికి జరిమానా వేయడం 2012 అక్టోబరులో మొదలైంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఇల్లు సరిగా లేనివాడు, మందు కొనలేనివాడు మళ్ళీ మళ్ళీ జబ్బు పడతాడు. దాంతో పేదల్ని చూసే ఆసుపత్రులకే జరిమానా ఎక్కువ పడింది. పేద రోగులు ఎక్కువున్న ఆసుపత్రిని అలాంటి ఆసుపత్రులతోనే పోల్చాలని 2016 డిసెంబరులో చట్టం సవరించాల్సి వచ్చింది. రేపు మన ఏజెన్సీ పీహెచ్‌సీలకి ఎవరైనా ఫలితాల ర్యాంకులు పెడతామంటే ఈ ముక్క గుర్తుండాలి.

ఇప్పుడు అక్కడి ఆదివాసుల సంగతి. భూములు లాక్కున్నందుకు బదులుగా ఒప్పందాల్లో రాసిన బాధ్యతల్లో వైద్యం ఒకటి. 1955 నుంచి దాన్ని ఇండియన్ హెల్త్ సర్వీస్ అనే ప్రభుత్వ విభాగం చూస్తోంది. మెడికేర్‌కి డబ్బు ఆగకుండా వస్తుంది. వీళ్ళకి మాత్రం ఏటా పార్లమెంటు దయతలిచి ఇచ్చినంతే. 1975లో ఒక చట్టం వచ్చింది, తెగలు కోరుకుంటే ప్రభుత్వం నడిపే ఆసుపత్రిని, దాని బడ్జెట్‌తో సహా, తామే నడుపుకోవచ్చని.

అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఆదివాసుల సౌత్‌సెంట్రల్ ఫౌండేషన్ అనే సంస్థ 1982లో పుట్టింది. మొదట చిన్న చిన్న సేవలు తీసుకుని, 1990ల చివరికి ప్రాథమిక వైద్యం మొత్తాన్ని చేతుల్లోకి తెచ్చుకుంది. దాన్ని ఏళ్ళపాటు నడిపిన కేథరిన్ గాట్లీబ్ అక్కడే 1987లో రిసెప్షనిస్టుగా చేరిన ఆదివాసీ మహిళ. అంతకుముందు రోగులు గంటల తరబడి కూర్చునేవాళ్ళు, వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరు. వీళ్ళు జనాన్ని అడిగి పద్ధతి మార్చారు. ప్రతి కుటుంబానికి ఒక స్థిరమైన బృందం, ఫోన్ చేసిన రోజే చూపించుకునే వీలు, పక్కనే సంప్రదాయ వైద్యం. రోగి అనే మాట తీసేసి కస్టమర్ ఓనర్ అని పిలుస్తారు, అంటే వచ్చినవాడే యజమాని. దేశంలో నాణ్యతకిచ్చే బాల్డ్రిజ్ అవార్డు 2011లో ఒకసారి, 2017లో మరోసారి వచ్చింది. ప్రభుత్వ బడ్జెట్ ముద్దగా చేతికి రావడంతో, దాన్ని సూదికి ఖర్చు పెట్టాలా, ఇంటికెళ్ళి మాట్లాడే మనిషికి జీతమివ్వాలా అని వాళ్ళే తేల్చుకోగలిగారు. అయితే మెడికెయిడ్ నుంచి వచ్చే డబ్బు వాళ్ళకి కూడా ఇప్పటికీ విజిట్ లెక్కనే. పాత చిక్కు పూర్తిగా పోలేదన్నమాట.

మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది మాత్రం 2010 గురించి. అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీ తన రిపబ్లికన్ పార్టీ లోపలి ఎన్నికలోనే ఓడిపోయింది. బ్యాలెట్ మీద పేరు లేదు. అక్కడి చట్టం ప్రకారం ఓటరే ఖాళీలో పేరు రాసి ఓటేయొచ్చు. ఆదివాసీ సంస్థలు ఆమె ప్రచారానికి డబ్బు పెట్టాయి, మారుమూల పల్లెల ఓటర్లు ఆ పొడుగాటి ఇంటిపేరుని ఒక్కో అక్షరం రాసి ఓటేశారు. స్పెల్లింగ్ తప్పున్న ఓట్లు చెల్లవని ప్రత్యర్థి కోర్టుకెక్కాడు, అక్కడా ఓడాడు. అలా పేరు రాయించుకుని సెనేట్‌కి గెలవడం 1954 తర్వాత అదే మొదటిసారి.

ఏడేళ్ళ తర్వాత, 2017 జులై 28 తెల్లవారుజామున, ఒబామా ఆరోగ్య చట్టానికి గండికొట్టే బిల్లు సెనేట్‌లో 49కి 51తో పడిపోయింది. పార్టీ మాట కాదని వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్లు ముగ్గురే. అందరూ జాన్ మెకెయిన్ పేరే చెప్తారు. రెండో పేరు సుసాన్ కాలిన్స్, మూడో పేరు మర్కౌస్కీ. ఆదివాసుల వైద్య చట్టాన్ని శాశ్వతం చేసింది కూడా ఆ 2010 చట్టమే.

ఏటా దయతలిచే బడ్జెట్ గొడవ మాత్రం ఇంకా కొంతకాలం నడిచింది. 2018 డిసెంబరు నుంచి 35 రోజులు వాషింగ్టన్‌లో పార్టీలు పంతం పట్టి ప్రభుత్వాన్ని మూసేస్తే ఇండియన్ హెల్త్ సర్వీస్ నర్సులు, డాక్టర్లు జీతం లేకుండా డ్యూటీ చేశారు. తెగలు అడగ్గా అడగ్గా 2022 డిసెంబరులో, రాబోయే ఏడాది డబ్బు కూడా ముందే ఇచ్చే పద్ధతి మొదటిసారి వచ్చింది. 2025 అక్టోబరులో ప్రభుత్వం మళ్ళీ మూతపడింది, ఈసారి 43 రోజులు. ఆ క్లినిక్కులు తెరిచే ఉన్నాయి.