కుర్చీకి మొక్కిన కుర్రవాడు

1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా బయల్దేరి మన దేశం వచ్చారు. నరసాపురంలో స్థిరపడ్డారు. వారిని తీసుకొచ్చింది ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, పళ్ళ డాక్టరు వృత్తి మానేసి మత ప్రచారంలో దిగినవాడు. గోదావరి డెల్టా మిషన్‌కు అదే మొదలు. వీరి శాఖ పేరు ప్లిమత్ బ్రదరన్. బిషప్పులు లేరు, జీతం తీసుకునే ఫాదిరీలు లేరు. బైబిల్లో ప్రతి మాటా నిజం. క్రీస్తు రాకడ నేడో రేపో. కోస్తాలో బ్రదరన్ సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ విశ్వాసం ఇంట్లో పసిపిల్లల మీద ఎలా పనిచేసిందో మిషన్ చరిత్రలు చెప్పవు. అందుకు ఎడ్మండ్ గాస్ ఆత్మకథ 'ఫాదర్ అండ్ సన్' చదవాలి. 1907లో మొదట రచయిత పేరు లేకుండా వచ్చింది. గాస్ కుటుంబం నరసాపురం వచ్చింది కాదు. శాఖ మాత్రం అదే.

తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ సామాన్యుడు కాదు. సముద్ర జీవుల శాస్త్రజ్ఞుడు, అక్వేరియంను జనంలోకి తెచ్చినవాడు, 1856లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అంతటివాడు 1857లో 'ఒంఫలోస్' అనే పుస్తకం రాశాడు. గ్రీకులో ఆ మాటకు బొడ్డు అని అర్థం. తల్లి కడుపున పుట్టని ఆదాముకు బొడ్డు ఉన్నట్టే, దేవుడు భూమిని కూడా శిలాజాలతో సహా పాతదిగా కనిపించేట్టు సృష్టించాడట! శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు, భక్తులూ మెచ్చలేదు. రెండేళ్ళకే డార్విన్ గ్రంథం వచ్చింది.

ఆ ఇంట్లో కథల పుస్తకాలు నిషిద్ధం. కల్పన అబద్ధమే, అబద్ధం పాపమే అని తల్లి ఎమిలీ నమ్మకం. 1857లో ఆమె రొమ్ము కాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి ఎడ్మండ్‌కు ఏడేళ్ళు. ఆ ఏడు క్రిస్మస్‌కు పనివాళ్ళు చాటుగా పుడింగ్ చేసి పిల్లవాడికి ఒక ముక్క పెట్టారు. వాడు భయపడి తండ్రికి చెప్పేశాడు. క్రిస్మస్ విగ్రహారాధనతో సమానమని నమ్మే ఆ తండ్రి పుడింగ్‌ను బూడిద కుప్పలో పారేశాడు. పదేళ్ళు నిండగానే కొడుక్కి పెద్దవాళ్ళతో సమానంగా బాప్తిస్మం ఇప్పించాడు.

అంతకుముందే ఎడ్మండ్ ఒక పరీక్ష చేశాడు. కర్రకు, రాయికి మొక్కితే దేవుడికి కోపం వస్తుందని తండ్రి చెప్పాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చిన్న కుర్చీని బల్ల మీదికెక్కించి, ముందు మోకరిల్లి, రోజూ చేసే ప్రార్థనలో దేవుడి పేరు బదులు కుర్చీ పేరు పెట్టాడు. ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు. దేవుడు లేడని వాడు తేల్చలేదు. దేవుడి మనసు నాన్నకు నిజంగా తెలుసా అన్న అనుమానం మాత్రం మరింత పెరిగింది. తేలినంత వరకే చెప్పడం హేతువాదులు కూడా గమనించాల్సిన విషయం.

ఆత్మకథనూ పరీక్షించాలి మరి. 2002లో ఆన్ త్వెయిట్ రాసిన ఫిలిప్ గాస్ జీవిత చరిత్రలో తండ్రి మరింత ప్రేమగలవాడుగా కనిపిస్తాడు. కొడుకు రాసిన ప్రతి సంఘటననూ ఉన్నదున్నట్టు తీసుకోలేమని తెలుస్తుంది. కాని తండ్రి ప్రేమించాడన్నంత మాత్రాన పదేళ్ళవాడికి ప్రశ్నించే స్వేచ్ఛ ఉందని కాదు. ఆ నిర్బంధం ప్రేమతో జరిగింది కనుకే ఎదిరించడం అంత కష్టమైంది.

ఏ మతంలోనైనా మన ఇళ్ళలో ఇలా పెరిగినవారు ఉన్నారు. వారు తమ బాల్యాన్ని తెలుగులో రాయాలి. రాసినదాన్ని మనం సానుభూతితో చదవాలి, ఆధారాలూ అడగాలి.