ఒగ్గు కథకుడు

తెలంగాణ పల్లెల్లో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను ఆడుతూ పాడుతూ చెప్పే ప్రధాన గాయకుడు ఒగ్గు కథకుడు. ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. ఆ వాద్యం పేరే కళకూ, చెప్పేవాళ్లకూ స్థిరపడింది. గొల్ల, కురుమ కులాల్లో ఇది వంశపారంపర్యంగా వచ్చే విద్య.

పేరు ఒక్కడిదే అయినా కథ ఒక్కడితో నడవదు. వెనక వంతలు, డోలు, తాళాలు ఉంటాయి. పాశ్చాత్య కచేరీలో సోలో వాద్యకారుణ్ణీ ఆర్కెస్ట్రానూ కలిపి నడిపేందుకు కండక్టర్ ఉంటాడు. ఇక్కడ ఆ పని డోలూ కథకుడి కాలి గజ్జెలూ చూసుకుంటాయి. ముందు కాగితమేమీ ఉండదు, కథ అందరికీ నోటికే వచ్చు.

అసలు కిటుకు వంత దగ్గరుంది. ఊ కొడతాడు, చివరి మాట అందుకుంటాడు, ఏమీ ఎరగనట్టు అడ్డు ప్రశ్న వేస్తాడు. నిజానికి ఆ ప్రశ్న కింద కూర్చున్న జనానిది. కథకుడు దేవుడి పుట్టుక ఎత్తుకుంటే వంత ఊళ్లో ముచ్చట ఎత్తుకుని నవ్విస్తాడు. కర్ణాటక కచేరీలో పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) సోలో వాద్యంగా నిలబెట్టారు. ఒగ్గులో వంత అలా విడివడలేదు. విడివడితే కథే మిగలదు.

కథకుడు చీరకొంగు కప్పుకుంటే ఎల్లమ్మ, తీసేస్తే మళ్లీ కథకుడు. పంచరంగుల ముగ్గుతో పట్నం వేసి మల్లన్న కల్యాణం జరిపేటప్పుడు వినేవాళ్లు ప్రేక్షకులు కారు, పెళ్లివారు.

ఇందులో పేరుమోసినవారిలో మిద్దె రాములు తలమీద బోనంతో ఆడుతూ కథ చెప్పేవారు. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. గౌరవం కథకుడికే దక్కుతుంది, వంతల పేర్లు ఊళ్లోనే ఉండిపోతాయి. ఈ లెక్క సరైంది కాదు.

పాత నల్లగొండ జిల్లాలో, సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద, గాయకుడికీ జనానికీ నడుమ ఆ కాస్త గీత కూడా చెరిగిపోతుంది. భేరీలు మోగుతుంటే, గజ్జెల లాగులు తొడిగినవాళ్లు చిందేస్తుంటే, ‘ఓ లింగా’ అని గట్టంతా వంత పాడుతుంది. ఈ లింగమంతుల జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది.